వరుస తప్పిన గొంతులు

ఉన్నదాన్ని యంత్రమే లేదంటుంటే, ఉందని ఒక మనిషి అంత నిబ్బరంగా ఎలా నమ్మగలదు? ఇన్నేళ్ళుగా ఎన్ని పుస్తకాలు తిరగేసినా లైబ్రేరియన్‌గారికి ఈ ప్రశ్నకు జవాబు దొరకలేదు. ప్రశ్నతో పాటు ఆ మనిషి మాత్రం గుర్తుండిపోయింది.

ఆమెను అందరూ నెమ్మదమ్మ అనేవారు. సర్వర్లు బాగుచేయడం ఆమె పని. వేరేవాళ్ళు చిటికెలో ముగించే పనికి ఈమె ఒక పూట తీసుకుంటుందని తోటివాళ్ళు పెట్టిన పేరది. "నువ్వు స్విచ్ వేసేలోపు కరెంటు పోయి మళ్ళీ వస్తుంది" అని భర్త కూడా ఆటపట్టించేవాడట. తానే ఆ మాట చెప్పుకుని నవ్వేది.

లైబ్రేరియన్‌గారు ఆమెను మొదటిసారి చూసిన రోజు నవ్వే స్థితిలో లేరు. మేడమీది ఆ రెండు గదుల లైబ్రరీలో చదువుకోవడానికి వచ్చేవాళ్ళు తక్కువ, వినడానికి వచ్చేవాళ్ళు ఎక్కువ. చూపు లేనివాళ్ళ కోసం ఎందరో గొంతు అరగదీసుకుని చదివిన పుస్తకాలన్నీ మూలనున్న ఒక్క సర్వర్లో ఉండేవి. అందులో సగానికి సగం లైబ్రేరియన్‌గారి అక్క చదివినవే. ఆ అక్కకు గొంతులో జబ్బు చేసి ఆపరేషన్ అయ్యింది. ప్రాణం దక్కింది, మాట దక్కలేదు. మెడకు నూలు కండువా చుట్టుకుని, ఒళ్ళో పలక పెట్టుకుని, రోజూ చెల్లెలి వెంట వచ్చి కిటికీ పక్కన కూర్చునేది. ఆమె గొంతు లోకంలో ఇంకెక్కడా లేదు, ఆ సర్వర్లో తప్ప.

సర్వర్ను నడిపించే చిన్న డిస్కు కాలిపోయింది. షాపతను కొత్తది బిగించి, సిస్టమ్ మళ్ళీ ఎక్కించబోతే తెర మీద ఒక్కటే మాట: డిస్కులేవీ కనపడలేదు. "పెద్దవి కూడా పోయినట్టే మేడమ్, కొత్తవి వేయించుకోండి" అనేసి అతను చక్కా పోయాడు. నెమ్మదమ్మను పిలిపించింది అందుకే.

ఆమె వచ్చి, సంచి కింద పెట్టి, తెర వైపు చూడనే లేదు. సర్వర్ పెట్టె మీద అరచెయ్యి ఆనించి, చెవి దగ్గర పెట్టి వింది.

"నకలు ఎక్కడైనా తీసి పెట్టారా మేడమ్?"

"తీయాలని ఏటేటా అనుకుంటూనే ఉన్నామమ్మా."

"అనుకున్నవి నేను తిరిగి ఎక్కించలేనండీ" అంది మెత్తగా. అక్క పలక మీద గబగబా రాసి చూపించింది: 'దొరక్కపోతే మళ్ళీ చదివేస్తాలే.' చెల్లెలికి ఏడుపొచ్చింది. నెమ్మదమ్మ మాత్రం పకపకా నవ్వి, "మీరుండగా నాకు భయమేంటక్కా" అంది. వచ్చిన నిమిషంలో అక్కా అని పిలిచేసింది.

"అన్నీ తిరుగుతున్నాయి. దీపాలు పచ్చగానే ఉన్నాయి" అంది తర్వాత. "మా అమ్మ ఆసుపత్రిలో నర్సు. పేషెంటు పలకలేదని వెంటనే ఏడవకూడదు, ముందు నాడి చూడు, పిలిచేవాడి భాష తెలీదేమో కనుక్కో అనేది. ఈ డిస్కులన్నీ లోపలొక కార్డుకి తగిలించి ఉంటాయి. కార్డు పాతది, సిస్టమ్ కొత్తది. దీని మాట దానికి అర్థం కావట్లా. దుబాసీ కావాలి, అంతే."

సంచిలోంచి పెన్‌డ్రైవ్ తీసి, కార్డు భాష నేర్పే డ్రైవర్‌ను ఎక్కించింది. తెర కాసేపు ఆలోచించి చిన్న డిస్కును చూపించింది. లైబ్రేరియన్‌గారు కుర్చీలోంచి సగం లేచారు. కానీ గొంతులున్న ఐదు పెద్ద డిస్కుల జాడ లేదు.

నెమ్మదమ్మ మెషిన్ ఆపి మళ్ళీ లేపి, అది కళ్ళు తెరుస్తూండగానే కార్డు సొంత తెరలోకి వెళ్ళింది. అక్కడ ఐదూ ఉన్నాయి. కింద ఒక ప్రశ్న: ఇవి నాకు తెలిసిన జట్టు కాదు, కొత్త జట్టు కట్టనా? అవుననే చోట గుర్తు టిక్కుటిక్కుమని కొట్టుకుంటోంది.

"నొక్కమ్మా మరి, కట్టమను!" అన్నారు లైబ్రేరియన్‌గారు.

నెమ్మదమ్మ రెండు చేతులూ వెనక్కి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది. "నొక్కితే కడుతుంది మేడమ్. పాతదంతా చెరిపేసి కడుతుంది."

పైన ఫ్యాను గరగరమంటూ తిరుగుతోంది. ఒక్క మీట. ఒక్క వేలు. షాపతను ఇంకాస్త ఓపిగ్గా వెతికి ఇక్కడిదాకా వచ్చి ఉంటే ఆ వేలు పడేదే. అంత పనిమంతురాలు ఆ ప్రశ్న ముందు చేతులు ముడుచుకుని కూర్చోవడం చూసి లైబ్రేరియన్‌గారు ఒకడుగు వెనక్కి వేశారు.

"వీటిని ఎవరైనా బయటికి తీశారా?" అని అడిగింది నెమ్మదమ్మ.

గుమ్మం దగ్గర అటెండరు బాబాయి గొంతు సవరించుకున్నాడు. "కాలిపోయినప్పుడు దుమ్ము దులిపానమ్మా. శుభ్రంగా తుడిచి, మీద నంబర్లుంటే నంబరు ప్రకారం సర్దాను. వరుస తప్పితే ఈవిడ నా తాట తీస్తారు కదా!"

నెమ్మదమ్మ నవ్వాపుకోలేక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "లైబ్రరీలో తప్ప ఎక్కడా జరగదు బాబాయ్ ఇది! ఆ నంబర్లు ఫ్యాక్టరీవి. అక్క ఒక మాటంటే సగం ఒక డిస్కులో, సగం పక్కదాన్లో పడుతుంది. ఐదూ పాత వరుసలో నిలబడితేనే ఆ మాట పూర్తవుతుంది."

లైబ్రేరియన్‌గారు ఆ పెట్టె వైపు కొత్తగా చూశారు. ఇన్నాళ్ళూ ఒక బీరువా అనుకున్నారు. ప్రతి మాటా ముక్కలై, చీకట్లో గిర్రున తిరుగుతూ, పక్క ముక్క కోసం కాచుకుని ఉందా! అలా చూస్తూండగా ఆమె కన్ను ఒకచోట ఆగింది. డిస్కుల ముందుభాగం నల్ల ప్లాస్టిక్. కానీ అన్నీ ఒకే నలుపు కాదు. మధ్యలోది వెలిసి బూడిదరంగుకు తిరిగింది.

"కిటికీ వైపు పుస్తకాల అట్టలు వెలిసినట్టు..." అన్నారు నెమ్మదిగా. "అమ్మాయ్, ఎండ అటునుంచే పడుతుంది. అన్నిటికన్నా వెలిసింది కిటికీ పక్కన ఉండాలి. ఆ తర్వాత దానికన్నా తక్కువ వెలిసింది."

నెమ్మదమ్మ తలెత్తి ఆమెను చూసిన చూపు లైబ్రేరియన్‌గారు నేటికీ దాచుకునే ఉన్నారు. మెషిన్ ఆపి, డిస్కులను పురిటిబిడ్డల్ని ఎత్తినట్టు ఒక్కొక్కటే తీసి బల్ల మీద పరిచింది. మూడింటికి తేడా తేలిగ్గానే తెలిసింది. చివరి రెండూ కవలలు.

"ఏది ముందు?"

"తెలీదు మేడమ్. ఒకలా పెట్టి అడుగుదాం. కాదంటే ఇంకోలా పెడదాం. అడగడమే, రాయనివ్వను."

మొదటిసారి కార్డు మళ్ళీ అదే ప్రశ్న వేసింది. ఆమె ఆ రెండిటినీ అటుదిటు మార్చింది. తెర నల్లబడింది. అక్క పలకను గుండెకు అదుముకుంది. చాలాసేపటి తర్వాత ఒక వాక్యం వచ్చింది: పాత జట్టు దొరికింది.

 అక్క పలకను మెల్లగా ఒళ్ళోకి దించింది. చిన్న డిస్కు మీద సిస్టమ్ ఎక్కుతున్నంతసేపూ అందరూ తెర ముందే కూర్చున్నారు. పెద్దవాటిని దాని జోలికి రానివ్వకుండా నెమ్మదమ్మ ప్రతి ప్రశ్ననూ రెండుసార్లు చదివి జవాబిచ్చింది. తాను తెచ్చిన పెద్ద డిస్కు తగిలించి, నకలు మొదలుపెట్టాకే "ఇప్పుడు వినండి" అని, తెర మీద చేతికందిన ఒక పుస్తకాన్ని నొక్కింది.

ముందు ఊపిరి. కాగితం తిప్పిన చప్పుడు. తర్వాత ఆ గొంతు, కాస్త బొంగురు, కాస్త తీపి, ఏదో కథలో వానలో నడిచే మనిషి గురించి చదువుతోంది. రెండు వాక్యాలు చదివి ఆగి, విసుగ్గా అంది:

"చెల్లీ, ఆ ఫ్యాను ఆపవే! మైకులో గాలి కొడుతోంది."

లైబ్రేరియన్‌గారు లేచి వెళ్ళి ఫ్యాను ఆపేశారు. ఆపాక గానీ తానేం చేశారో తెలియలేదు. వెనక్కి తిరిగితే, అక్క చప్పుడు లేకుండా భుజాలు కదిలిపోయేలా నవ్వుతోంది. కళ్ళనుంచి నీళ్ళు కారి కండువా తడుస్తోంది. బాబాయి తలగుడ్డ విప్పి ముఖం తుడుచుకుంటున్నాడు. గొంతు కథలోకి మళ్ళీ వెళ్ళిపోయింది. ఆ మనిషి వానలో నడుస్తూనే ఉన్నాడు.

అధ్యాయం అయ్యేదాకా ఎవరూ కదల్లేదు. అయ్యాక లైబ్రేరియన్‌గారు "అమ్మాయ్" అంటూ తిరిగారు.

కుర్చీ బల్ల కిందికి నెట్టి ఉంది. సంచి లేదు. నకలు తీస్తున్న డిస్కు మీద దీపం మినుకుమినుకుమంటోంది. మెట్ల మీద అడుగుల చప్పుడు, ఏ తొందరా లేకుండా, కిందికి దిగిపోతోంది.