ఎడమచేతి ముడి

పెద్దింట్లమ్మకు అడగకుండా ఉండటం చేతకాదు. బస్సులో పక్కన కూర్చున్న మనిషి దిగేలోపు ఆ మనిషి ఇంటిపేరూ, కోడలి పుట్టిల్లూ, మోకాలినొప్పికి రాసుకునే తైలం పేరూ ఆమెకు తెలిసిపోతాయి. బడి మూడో తరగతితో మానేసింది గానీ ప్రశ్నలు మానలేదు. కొల్లేటి గట్టున పుట్టి, వలలు అల్లుకుంటూ బతికిన మనిషి విమానం పనిలోకి రావడం కూడా అలాంటి ఒక ప్రశ్న వల్లనే జరిగింది.

ఆరేళ్ల కిందట కైకలూరు దారిలో రోడ్డు పక్కన వల పరుచుకుని చిరుగులు బాగుచేస్తుంటే, ఒకాయన స్కూటర్ ఆపి ఆమె వేళ్లవంకే చూస్తూ నిలబడ్డాడు. ఇవాళ చేపల్లేవని చెప్పినా కదల్లేదు.

"ఏం బాబూ, వలెప్పుడూ చూళ్లేదా? ఏ ఊరు మీది?" అని అడిగింది.

ఆయన సంచిలోంచి ఒక పుస్తకం తీసి బొమ్మ చూపించాడు. బొమ్మలో ఉన్నది ఆమె ముడే. పాతకాలపు చిన్న విమానాల రెక్కలకు పైన ఉండేది రేకు కాదు, గుడ్డ. లోపల చెక్కతో చేసిన పక్కటెముకలుంటాయి. గాలికి గుడ్డ లేచిపోకుండా దాన్ని ఆ ఎముకలకు పట్టి కుట్టే ముడీ, వలకు వేసే ముడీ ఒకే వంశంవి.

"ఇది మాయమ్మ నేర్పింది. పుస్తకంలోకి ఎట్టా ఎక్కింది?" అని పెద్దింట్లమ్మ బొమ్మ మీద వేలు పెట్టి మరీ అడిగింది. ఆయనకు నవ్వొచ్చింది. అప్పట్నించీ ఆయన ఆమెకు తమ్ముడు, ఆమె ఆయనకు అక్క.

ఆయన పేరు సూర్యప్రకాష్. సైన్యంలో ఇరవయ్యేళ్లు విమానాలు బాగుచేసి, లైసెన్సు సంపాదించుకుని వచ్చి, చల్లపల్లి హేమసుందర్ గారి సొంత విమానాన్ని చూసుకుంటున్నాడు. హేమసుందర్ గారిది రొయ్యల మేత వ్యాపారం. ఇద్దరు కూర్చునే ఆ విమానం ఆయన సరదా. చేపల చెరువుల మధ్య గడ్డి కోయించి చదును చేసిన పొలమే దానికి రన్‌వే. పక్కనున్న షెడ్డులో మేత బస్తాలు పెరిగాక విమానం బయటికొచ్చేసింది. రెండు రెక్కలకూ తోకకూ మూడు తాళ్లు, నేలలో దిగ్గొట్టిన మూడు ఇనుప కొక్కేలు. ఆ తాళ్లు కట్టడం పెద్దింట్లమ్మ పని. గాలివానకు ముందు పడవను కట్టినట్టే కట్టేది. పనున్న రోజుల్లో ఇద్దరి అన్నమూ ఆమె క్యారేజీలోనే వచ్చేది. సూర్యప్రకాష్‌కు కొర్రమీను పులుసు ఇష్టమని ముక్కలు ఆయన వైపే ఎక్కువ పడేవి.

అక్టోబరులో తుపాను తీరం దాటిన మర్నాడు పొద్దున్నే ఫోనొచ్చింది.

"అక్కా, బండి పడిపోయింది."

విమానాన్ని వాళ్లు బండే అంటారు. దారంతా చెట్లు కూలి ఉంటే, మొగుడు పేరయ్య మోపెడ్ దిగి తోస్తూ, ఎక్కి నడుపుతూ ఆమెను చేర్చాడు. విమానం కుడి రెక్క మీదికి ఒరిగి, ఎడమ రెక్క ఆకాశంలోకి లేచి ఉంది. కుడి రెక్క కొస నేలకు కొట్టుకుని నలిగింది. గుడ్డ బారెడు పొడవున చిరిగి నీళ్లోడుతోంది. పెద్దింట్లమ్మ చెప్పులు విప్పి దగ్గరకెళ్లింది.

దెబ్బ చూసే పద్ధతి సూర్యప్రకాష్ నేర్పిందే. చిరిగిన చోటు చూసి మోసపోకూడదు, చిరగని చోటు చూడాలి. గుడ్డ మీద ఏటవాలుగా ముడతలు పడ్డాయంటే అక్కడ లోపల ఎముక విరిగిందని అర్థం. వేలితో కొడితే బాగున్న చోట డప్పులా పలుకుతుంది, విరిగిన చోట తడి గోనెలా చప్పబడుతుంది. ఆమె కొట్టుకుంటూ పోయింది, ఆయన సుద్దతో గుర్తులు పెట్టుకుంటూ వచ్చాడు. విరిగిన ఎముకలు ఏడు తేలాయి. రెక్కకు ఊతమిచ్చే గొట్టం కూడా వంగింది.

"ఎట్టా పడింది తమ్ముడూ? కట్టిన తాళ్లు కట్టినట్టే ఉండాలిగా?"

"గాలక్కా. గాలి అట్టాంటిది," అన్నాడాయన, సుద్దముక్క వంకే చూస్తూ.

మధ్యాహ్నానికి ఇన్సూరెన్సు సర్వేయరు వచ్చాడు. పేరు తేజేశ్వర్, ఆఫీసు బెజవాడ బెంజ్ సర్కిల్లో. మనిషి నిదానం. కొక్కేల దగ్గర వంగి మూడు ముళ్లకూ ఫోటోలు తీసుకున్నాడు. ఎడమ కొక్కెం దగ్గర ముడి జారి తాడు మూరెడు వదులైంది. ఆ వదులు దొరికేసరికి గాలి రెక్కను ఎత్తెత్తి కుదిపి, రెక్క కింద తాడు దూర్చే ఇనుప కన్నును తాడుతో సహా ఊడబెరికింది.

"గాలి సంగతి సరేనండి. తాళ్లు కట్టిందెవరు?"

సూర్యప్రకాష్ గొంతు సవరించుకున్నాడు. "పనికి వచ్చే ఒకావిడండి. వలలల్లుకునే మనిషి. ట్రైనింగూ అదీ ఏం లేదు. ముడి సరిగా పడినట్టు లేదు."

టీ గ్లాసులు పట్టుకుని పెద్దింట్లమ్మ నాలుగడుగుల దూరంలోనే ఉంది. ఆ ఒకావిడ ఎవరా అని అటూ ఇటూ చూసింది కూడా.

"పేరు?"

"పెద్దింట్లమ్మండి."

సర్వేయరు రాసుకున్నాడు. టీ ఒలికి ఆమె వేళ్లు కాలాయి. ఆమె గ్లాసులు రెక్క నీడలో పెట్టేసి, ఎవరూ పిలవకపోయినా కొక్కేల దగ్గరికి పోయి కూర్చుంది.

ఆమెది ఎడమచేతి వాటం. అన్నం కుడిచేత్తో తినమని అమ్మ కొట్టి నేర్పింది గానీ, ముళ్ల జోలికి రాలేదు. అందుకే ఆమె ముళ్లు అందరి ముళ్లలా ఉండవు, అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంటాయి. తోక తాడు ముడి ఎడమకు తిరిగింది. కుడిరెక్క తాడు ముడీ ఎడమకే తిరిగింది. జారిన ముడి మాత్రం కుడికి తిరిగింది.

తుపానుకు ముందు రోజు తమ్ముడు ఫోన్‌లో అన్న మాట అప్పుడు గుర్తొచ్చింది. ఇబ్రహీంపట్నం నుంచి ఒకాయన బండి చూడ్డానికి వస్తున్నాడని. "వచ్చినాయన చూసి టీ తాగి పోతాడు, తాళ్లు మాత్రం విప్పమాక," అని ఆమె చెప్పింది. విప్పాడన్నమాట. మిగతా రెండు తాళ్లూ విమానం వైపు కొసల దగ్గర విప్పి కట్టినట్టున్నాడు, కొక్కేల దగ్గర ఆమె ముళ్లు అలాగే ఉన్నాయి. ఈ తాడు మాత్రం కొక్కెం దగ్గరే విప్పి, వాన మొదలయ్యాక హడావిడిగా కట్టిందే. విప్పినందుకు ఆమెకు కోపం రాలేదు. ముడి జారడం ఎవరికైనా జరుగుతుంది. ఒకావిడ అన్నాడు, అది మింగుడు పడలేదు.

కొల్లేటి జనానికి కబురు నీళ్లకన్నా ముందు పాకుతుంది. మర్నాడు చేపల మార్కెట్లో పక్క గంప రావమ్మ మొదలుపెట్టింది.

"ఏం వదినా, నీ ముడి జారి విమానం దానంతటదే లేచిందంటగా? టిక్కెట్టు లేకుండా."

"నేనేసింది కాదే అది."

"మరి ఇన్సూరెన్సు కాగితంలో నీ పేరే రాసుకున్నారంట. మా ఆయన నిన్న పోయి పడవ తాడు విప్పి మళ్లీ కట్టుకొచ్చాడు. ఏవనుకోమాక, పిల్లలు తిరిగే పడవ."

నవ్వుతూనే అంది. తుపాను హెచ్చరిక వస్తే ఊళ్లో సగం పడవలు పెద్దింట్లమ్మ చేతనే కట్టించుకునేవారు. ఆ సాయంత్రం ఇంకో ఇద్దరు తాళ్లు మార్చుకున్నారు. ఆమె గట్టు మీద నిలబడి చూసింది. ఎవర్నీ ఏమీ అడగబుద్ధి కాలేదు.

"పోయి మొహం మీదే అడగవే," అన్నాడు పేరయ్య. "ఊళ్లోవాళ్లందర్నీ అడుగుతావుగా."

"వాడే చెబుతాడు. తమ్ముడు గదా."

మూడు వారాలు చూసింది. సూర్యప్రకాష్ ఎముకలు అతికాడు, గొట్టం మార్చాడు, కొత్త గుడ్డ కప్పి ఇస్త్రీపెట్టెతో బిగించాడు. క్యారేజీలో పులుసు తిన్నాడు. వాతావరణం గురించి మాట్లాడాడు. చెప్పలేదు.

కుట్టే రోజు వచ్చింది. రెక్కను స్టాండు మీద నిలువుగా పెడతారు. ఇటు ఆమె, అటు ఆయన. మూరెడు పొడవు సూదిని ఆయన అవతల నుంచి ఎముక పక్కగా గుచ్చితే, ఇవతల ఆమె అందుకుని, ఎముక రెండో పక్క నుంచి తిప్పి పంపుతుంది. మళ్లీ ఇటు రాగానే ముడి బిగిస్తుంది. అవతలి మనిషి మొహం కనిపించదు, గుడ్డ మీద నీడ కదులుతుంది. పదిహేను ముళ్లు పడ్డాక పెద్దింట్లమ్మ అడిగింది.

"ఇబ్రహీంపట్నం ఆయనకు బండి నచ్చిందా తమ్ముడూ?"

సూది వెంటనే తిరిగి రాలేదు.

"ఎండలోకి లాగి చూపించమన్నాడక్కా. అయ్యగారు కూడా ఫోన్‌లో చెప్పారు."

"తర్వాత కట్టింది నువ్వేగా?"

 మాట చాలా మెల్లగా వచ్చింది. "అది నేనని రాస్తే నా లైసెన్సు పోద్దక్కా. ఇరవయ్యేళ్లు పట్టింది అది రావడానికి. నీకైతే లైసెన్సు లేదు గదా, పోయేదేముంది?"

పెద్దింట్లమ్మ చేతిలో దారం అలాగే ఉంది. గంగమ్మ సాక్షిగా ఆమె వేసిన ముడి నమ్ముకుని కొల్లేట్లో పిల్లల తండ్రులు రాత్రిళ్లు నిద్రపోయారు. ఆ నమ్మకం ఏ ఆఫీసులోనూ ఇచ్చింది కాదు కాబట్టి లెక్కలోకి రాదని ఆమెకు ఆ రోజే తెలిసింది. దారం వదిలేసి లేచిపోదామనుకుంది. కానీ రేపు ఈ రెక్క మీద నమ్మకంతో ఎవడో మనిషి ఎక్కి కూర్చుంటాడు. దారం బిగించింది. "సూది పంపండి," అంది.

"ఇన్సూరెన్సువాళ్లు మళ్లీ చూడ్డానికొస్తారుగా, అప్పుడు నేనే చెప్తాలే అక్కా," అన్నాడాయన. ఆ మాట పట్టుకుని ఆమె మిగతా రెక్కంతా కుట్టింది.

కుట్ల మీద గుడ్డ పట్టీలు అతికించకముందే సర్వేయరు మళ్లీ వచ్చాడు. హేమసుందర్ గారు కూడా కారు దిగారు. సర్వేయరు రెక్క పొడవునా ముడి ముడికీ వేలు ఆనించుకుంటూ నడిచాడు.

"ఇంత సమానంగా నేనెక్కడా చూళ్లేదండి. ఎవరి పని?"

సూర్యప్రకాష్ ఆమె వైపు చూడలేదు. "నాదేనండి," అన్నాడు.

హేమసుందర్ గారు ఆయన భుజం తట్టారు. "మన సూర్యం చెయ్యంటే చెయ్యేనండి."

ఇంకేమన్నా అంటాడేమోనని పెద్దింట్లమ్మ ఆగింది. సర్వేయరు కలం మూత పెట్టేదాకా ఆగింది. అప్పుడు ముందుకొచ్చి, "అయ్యా, ఒక్కటడగనా?" అంది. "ఆ రోజు తాళ్ల ఫోటోలు మీ ఫోన్లో ఉన్నాయా?"

"ఉన్నాయమ్మా. ఏం?"

ఆమె కింద పడి ఉన్న తాడు ముక్క తీసుకుని స్టాండు కాలికి చుట్టి ముడి వేసింది. ఎడమచెయ్యి ముందు, కుడిచెయ్యి వెనక. "దీని పక్కన పెట్టి చూడండి. ఆ తర్వాత రెక్క మీదవి కూడా చూడండి."

సర్వేయరు ఫోన్ దగ్గరగా పట్టుకుని చూశాడు. తోక తాడు, కుడి తాడు, స్టాండు కాలి ముడి. రెక్క మీద ముళ్లన్నీ ఎడమకే. తర్వాత జారిన ముడి ఫోటోను రెండు వేళ్లతో పెద్దది చేసి చాలాసేపు చూశాడు. 

"మీరు ఎడంచేతి వాటమా సూర్యప్రకాష్ గారూ?"

ఆయన చొక్కా జేబులో ఉన్న కలం కూడా కుడిచేత్తో తీసి మళ్లీ పెట్టుకున్నాడు, ఎందుకో ఆయనకే తెలియనట్టు.

"అమ్మా, జారిన ముడి మీది కాదు. మరెవరిది?"

చెబితే ఒక్క మాట. ఆమె సూర్యప్రకాష్‌ను చూసింది. ఆయన గడ్డి వంక చూస్తున్నాడు. అప్పుడైనా తల ఎత్తుతాడని చూసింది.

"నాది కాదయ్యా. నా పేరు అక్కడ ఉండకూడదు. మీరు అడగాల్సిన మనిషిని మీరే అడుక్కోండి."

సర్వేయరు కాగితం తీసి ఒక గీత కొట్టి, పైన ఏదో రాశాడు. ఏం రాశారో చదివి వినిపించమంది. "తాడు కట్టిన వ్యక్తి ఎవరో నిర్ధారణ కాలేదు," అని చదివాడు. మళ్లీ ఒకసారి చదవమంది. చదివాడు. ఆయన, హేమసుందర్ గారు మాట్లాడుకుంటూ కారు దాకా వెళ్లారు.

సూర్యప్రకాష్ దగ్గరికొచ్చాడు. కళ్లు ఎర్రబడి ఉన్నాయి. "నా పేరు చెప్పలేదు నువ్వు. జన్మలో మర్చిపోనక్కా."

"మీరు చెప్తారని ఆగానండి. రెండుసార్లు ఆగాను."

"అదేంటక్కా, నన్ను పట్టుకుని అండీ అంటావు."

ఆమె దారపు ముక్కలు ఏరి కవర్లో వేసుకుంది.

"రేపు పట్టీలు అతికించాలి," అన్నాడాయన. "వస్తావుగా?"

"వస్తానండి. మొదలుపెట్టిన పని గదా. పట్టీలు అయ్యాక ఇంకెవరినన్నా చూసుకోండి. రేపటి నుంచి అన్నం కూడా మీది మీరే తెచ్చుకోండి."

పేరయ్య మోపెడ్ గేటు దగ్గర ఆగి ఉంది. "పేరు తీసేశారా?" అని అడిగాడు. తీసేశారంది. "మరింకేం," అని బండి స్టార్ట్ చేశాడు. కైకలూరు వచ్చేదాకా ఆమె ఆయన వీపుకు మొహం ఆనించుకునే కూర్చుంది.