నా తారు, గిద్దలూరాయన నీళ్లు

1957. ఆంధ్రప్రదేశ్ వచ్చి ఇంకా ఏడాది నిండలేదు. మా మార్కాపురం అప్పుడు కర్నూలు జిల్లాలో ఉండేది. బస్టాండుకు దగ్గర్లో నాకొక రేకుల షెడ్డు. నాది టింకరింగ్ పని, అంటే బండి రేకుల సొట్టలు తీయడం, చిల్లులు పూడ్చడం. ఆ చుట్టుపక్కల ఈ పని నాకొక్కడికే వచ్చనుకునేవాణ్ణి, గిద్దలూరులో ఇంకొకాయన షెడ్డు వేసేదాకా.

ఓబులేసు నాకు పాత బేరం. గొర్రెల మందను అమ్మి ఒక పాత ఇంగ్లీషు కారు కొని, దోర్నాల మీదుగా శ్రీశైలం యాత్రికుల్ని తిప్పేవాడు. ఇంటిల్లిపాదికీ అదే కూడు. ఆ కారుకు పెద్ద పెద్ద మడ్‌గార్డులు, అంటే చక్రాల మీద గొడుగులా వంగిన రేకులు. చక్రం ఎగజిమ్మే బురద వాటి లోపలి అంచులో ఇరుక్కుని తుప్పు పుట్టిస్తుంది. దానికి నా మందు నాకుంది. కాచిన తారులో మా ఊరి రాతి పలకల పొడి కలిపి దట్టంగా పూసేవాణ్ణి. ఏటా వానలకు ముందు పాత పూత మీదే కొత్త పూత. ఎంత మందమైతే అంత రక్ష అని నా నమ్మకం. రాయిలా ఉందని చూసినవాళ్లంతా మెచ్చుకునేవాళ్లు.

ఆ ఏడు ఓబులేసు రాలేదు. కారు నా షెడ్డు ముందు నుంచే హారన్ కొట్టుకుంటూ పోయింది. టీ దుకాణం దగ్గర వాణ్ణి పట్టుకున్నాను.

“ఏందిరా ఓబులేసూ, దారి మర్చిపోయినావా?”

“కోపం చేయొద్దన్నా. మడ్‌గార్డు లోపల పుచ్చిపోయింది. ఘాట్‌లో ఊడి టైరు మీద పడుంటే బండీ పోయేది, మేమూ పోయేవాళ్లం. గిద్దలూరాయన బాగు చేసినాడు. చెయ్యి మంచిది.”

చెయ్యి మంచిదట! అరికాలి మంట నెత్తికెక్కింది. ఇంటికి పోతే అన్నం సహించలేదు. “నాకు లేని సవతి పోరు నీకొచ్చిందే!” అని మా ఆవిడ ఒకటే నవ్వు.

మర్నాడే రైలెక్కి గిద్దలూరు పోయాను, ఆయన పనిలో తప్పు పట్టాలని. షెడ్డు నాదానికన్నా చిన్నది. అది చూసి కొంచెం ప్రాణం లేచివచ్చింది. లోపల గోడకు ఒక నల్లటి పెచ్చు ఆనించి ఉంది. నా తారే. నా పలకపొడిని నేను గుర్తుపట్టనా!

“ఇదేంది?” అన్నాను, ఏమీ తెలియనట్టు.

“ఓబులేసు బండిదన్నా. తిప్పి చూడు.”

తిప్పాను. మడ్‌గార్డు ఇనుము పొరలు పొరలుగా ఊడి దాని వీపుకే అంటుకుని ఉంది.

“ఎండకు పూత పగిలింది. ఆ సందులో తడిమట్టి చేరి, బయటికి పోయే దారిలేక లోపల్లోపలే తినేసింది,” అన్నాడాయన. ఎగతాళి చేసి ఉంటే నాలుగు తిట్టి వచ్చేవాణ్ణి. చేయలేదు. అందుకే ఇంకా మండింది.

“మరి నువ్వేం పూసినావు?”

“తుప్పంతా గీకి, పుచ్చినకాడ కొత్త రేకు అతికి, రెడ్ లెడ్ అని తుప్పు పట్టనీయని ఎర్రరంగు పల్చగా పూసినా. అంతే. తక్కినది ఓబులేసు చేతిలో ఉంది. ఎద్దు కాళ్లకు బురదుంటే కడగకుండా కట్టేస్తామా? ఇంటికి రాంగానే బండినీ అట్లే కడగమని చెప్పినా.”

వానలు వెళ్లాక ఓబులేసు తలుపు సొట్టకని నా దగ్గరికి వచ్చాడు. తలుపు సంగతి తర్వాత, ముందు కారు కింద దూరాను. గోరంతైనా తుప్పు ఉండకపోతుందా అని వెతికాను. దేవుడా, ఒక్క మచ్చ చూపించు అని మొక్కుకున్నాను కూడా. రెడ్ లెడ్ ఎర్రగా, పెళ్లికూతురి పారాణిలా ఉంది. అంచులో మట్టి రవ్వంత లేదు.

“ఏమన్నా దొరికిందా అన్నా?” అని పైనుంచి ఓబులేసు.

“నువ్వు ముందు తలుపు పట్టుకో,” అన్నాను.

ఆ తర్వాత నా షెడ్డులో తారు కాచలేదు. మూసిపెట్టిన మట్టే ఇనుమును తింటుందని, రోజూ కడుక్కునే బండి నాలుగు కాలాలు బతుకుతుందని ఆ కారు నేర్పింది. వచ్చిన ప్రతి డ్రైవరుకూ “ఎద్దును కడిగినట్ల కడుగు” అని చెప్పి పంపేవాణ్ణి. భలే మాట చెప్పినావన్నా అని వాళ్లు మెచ్చుకునేవాళ్లు. అది ఎవరి మాటో ఒక్కరికీ చెప్పలేదు. ఆయన పేరు ఇక్కడ కూడా రాయను.