ఉమ్మడి బోరు, ఒక్కడి ఫొటో

మా నాయన ఫొటో కింద అబద్ధం అచ్చు వేయించిన మనిషిని నేను ఇంకా క్షమించలేదు. ఎప్పుడో ఒకప్పుడు క్షమిస్తానన్న నమ్మకం కూడా నాకు లేదు. పెద్ద మనసు చేసుకోమని చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్ల నాయనల ఫొటోలు ఎవరూ వేయలేదు కాబట్టి వాళ్ల మనసులు పెద్దవిగానే ఉంటాయి.

అప్పట్లో నేను తిరుపతిలో ఒక చిన్న సంస్థలో కాంట్రాక్టు ఉద్యోగం చేసేదాన్ని. సెల్‌ఫోన్లు, సెన్సర్లు, వీడియో మీటింగులు వచ్చాక కరెంటు, నీళ్లు, పెట్రోలు ఏమాత్రం ఆదా అవుతున్నాయో కొలవడం మా పని. వినడానికి తేలికగానే ఉంటుంది, చేయడానికి దిగితే తెలుస్తుంది. ఖర్చయిన డీజిలును కొలవవచ్చు. ఖర్చు కాకుండా మిగిలిపోయిన డీజిలు ఎక్కడుందని కొలుస్తాం? ఈ పరికరం లేకపోతే ఏం జరిగేదో ఆలోచించి, దాన్ని ఇప్పుడు జరుగుతున్నదాని పక్కన పెట్టి చూడాలి. ముందు దేన్ని కొలిచామో తర్వాత కూడా దాన్నే కొలవాలి. ఈ పని అంటే నాకు నిజంగా ఇష్టం. లెక్క సరిగ్గా కుదిరిన రోజు బస్సులో కిటికీ పక్కన కూర్చుని నాలో నేనే నవ్వుకునేదాన్ని.

మాకు పైన ఒక సారు ఉండేవాడు. హైదరాబాదు నుంచి వచ్చాడు. చొక్కా నలగదు, మాట తడబడదు. కొలత మొదలుపెట్టక ముందే ఆయన దగ్గర ఫలితం సిద్ధంగా ఉండేది. మేము పోయి దానికి తగిన అంకెలు ఏరుకొని రావాలి.

ఆ ఏడు మా చేతికి మొబైల్ స్టార్టర్ల పని వచ్చింది. బోరు మోటారు దగ్గర ఒక పెట్టె బిగిస్తారు, అందులో సిమ్ ఉంటుంది. రైతు ఇంట్లో కూర్చుని ఆ నంబరుకు ఫోన్ చేసి ఒకటి నొక్కితే మోటారు ఆడుతుంది, రెండు నొక్కితే, చేత్తో వేసిన మోటారైనా సరే, ఆగుతుంది. లేకపోతే కరెంటు వచ్చిందో లేదో చూడటానికే బండి వేసుకుని చేనికి పోవాలి. దీనివల్ల పెట్రోలు మిగులుతుందని, మోటారు అనవసరంగా ఆడదు కాబట్టి నీళ్లూ కరెంటూ మిగులుతాయని సారు వాదన. కొలవడానికి పొలాలు కావాల్సి వచ్చినప్పుడు, మాది చిత్తూరు దగ్గర పల్లె అని తెలిసి, మీ నాన్న పొలంలో కూడా ఒకటి పెడదామన్నాడు.

మా బోరు మా ఒక్కరిదే కాదు. తాత వేయించింది. నాయనా చిన్నాయనా భాగాలు పంచుకున్నప్పుడు చేనును రెండు చేశారు, బోరును రెండు చేయలేరు కాబట్టి నీళ్లకు వంతులు పెట్టుకున్నారు. ఒక రోజు నాయన వంతు, మరుసటి రోజు చిన్నాయన వంతు. మా వైపు ఏ ఊరికి పోయినా ఇలాంటి బోర్లు కనిపిస్తాయి. కరెంటు కనెక్షను మాత్రం ఎవరో ఒకరి పేరు మీదే ఉంటుంది. మాది నాయన పేరు మీద ఉంది.

పెట్టె బిగించక ముందు సారు మనుషులు మోటారుకు ఒక మీటరు తగిలించారు. అది ఎన్ని గంటలు ఆడిందో అన్ని గంటలూ రాసుకుంది, ఇద్దరి వంతులూ కలిపి. పెట్టె వచ్చాక మీటరు తీసేశారు. ఫోన్ ద్వారా ఆడిన గంటలు కంప్యూటరుకు వాటంతటవే వచ్చి పడతాయి కదా అన్నారు. నాయన తన నంబరు ఎక్కించుకున్నాడు. చిన్నాయన ఒప్పుకోలేదు.

"మోటారుతో ఫోన్లో మాట్లాడేది ఏందిబ్బా. నా చెయ్యి ఏమన్నా పడిపొయిందా," అని ఎప్పటిలాగే షెడ్డుకు పోయి బటను నొక్కుకునేవాడు.

అంటే ముందు కొలిచింది ఇద్దరి నీళ్లు, తర్వాత కొలిచింది ఒక్కరి నీళ్లు. వాడకం సగానికి సగం తగ్గినట్టు తేలింది. తేలక ఏం చేస్తుంది? సారు సంతోషానికి హద్దు లేదు. ఆ రోజు ఆఫీసులో అందరికీ మిఠాయి పంచాడు.

నేను ఆయన గదిలోకి పోయి చెప్పాను. ఆ బోరు ఉమ్మడిది సార్, చిన్నాయన వంతు మన లెక్కలోకి రావడం లేదు, నిజంగా మిగిలింది మా నాయన బండి పెట్రోలు కొంత, అంతే అన్నాను. ఆయన తల కూడా ఎత్తలేదు.

"ఇలాంటి చిన్న తేడాలు అన్ని స్టడీల్లోనూ ఉంటాయమ్మా. నువ్వు ఎంట్రీ సంగతి చూసుకో."

అక్కడితో ఆగి ఉంటే నేను కూడా మరిచిపోయి ఉండేదాన్నేమో. కొన్నాళ్లకు రైతులకు పంచడానికి రంగుల కరపత్రం వేయించాడు. దాని మీద నాయన ఫొటో ఉంది, తలపాగాతో, పెట్టె పక్కన నిలబడి నవ్వుతూ. కింద పెద్ద అక్షరాలతో ఇలా ఉంది: ఒకప్పుడు ఈ రైతు అవగాహన లేక పగలూ రాత్రీ మోటారు ఆడించి భూగర్భ జలాన్ని వృథా చేసేవాడు. నేడు మారాడు.

ఆ వేసవిలో మా చేను పక్క రైతు బోరు ఎండిపోయింది. ఆయన ఆ కాగితం పట్టుకుని టీ బంకు దగ్గర నాయనను నిలదీశాడు.

"నా బోరులో నీళ్లు యాడికి పొయినాయని ఏడాదిగా నెత్తి కొట్టుకుంటాండా. ఈడ అచ్చేసి మరీ సూపించినారు గదప్పా."

నాయన టీ గ్లాసు అక్కడే పెట్టేసి ఇంటికి వచ్చాడని అమ్మ ఫోన్లో చెప్పింది. ఆ తర్వాత ఆయన బంకుకు పోవడం మానేశాడు. అంతకంటే నాకు కడుపు మండిన సంగతి ఇంకొకటి ఉంది. తన వంతు రోజున కూడా మధ్యాహ్నానికల్లా మోటారు ఆపేయడం మొదలుపెట్టాడు. నేను ఊరికి పోయేసరికి చెరకు ఆకులు ఎండి చుట్టుకుపోయి ఉన్నాయి.

"నీ వంతు నీళ్లు నువ్వు పెట్టుకుంటే ఎవురేమంటారు నాయనా," అన్నాను.

"అచ్చులో పడిందాన్ని అబద్ధమని ఎవురనుకుంటారు పాపా. పొద్దస్తమానం మోటారు ఆడితే, ఇంగా మారలేదే అంటారు."

మరుసటి రోజు మళ్లీ సారు దగ్గరికి పోయాను. ఆ కాగితం వెనక్కి తీసుకోమన్నాను. ఇది మీ నాన్న గురించి కాదు, ఒక ఉదాహరణ మాత్రమే అన్నాడు. ఫొటో ఆయనది కదా సార్ అంటే, ఫొటో ఉంటేనే జనం చూస్తారన్నాడు.

"ఎమోషనల్ అవకమ్మా. ఈ ఫీల్డులో అది పనికిరాదు."

సరే సార్ అని బయటికి వచ్చాను. ఆ మాటతో నాలో ఏడుపు ఎండిపోయింది, పగ మిగిలింది. దాన్ని భద్రంగా పెట్టుకున్నాను. ఆయన ఎదురుపడితే నవ్వుతూ నమస్కారం పెట్టేదాన్ని. నాలుగు రోజులకు దారికొచ్చిందని పక్కవాళ్లతో అన్నాడట.

అవకాశం ఆయనే చేతికి ఇచ్చాడు. ఊళ్లు తిరగడం తగ్గించి వీడియో మీటింగులు పెట్టుకున్నందువల్ల మన ఆఫీసు ఏమాత్రం డీజిలు ఆదా చేసిందో కూడా కొలిచి, చిత్తూరులో జరిగే పెద్ద సమావేశంలో చూపించాలన్నాడు. పని నాకు అప్పజెప్పాడు. మా ఆఫీసుకు ఒకటే కారు. దాన్ని పిలిపించాలంటే యాప్‌లో సారు పేరు మీదే పిలిపించాలి. మేము పల్లెలకు పోయినా, ఢిల్లీ నుంచి వచ్చిన అతిథులను తిరుమల దర్శనానికి పంపినా, అన్నీ ఆయన పేరుతోనే పడతాయి. నేను అచ్చం ఆయన పద్ధతిలోనే కొలిచాను. వీడియో మీటింగులు రాక ముందు రోజులకు ఆ కారు తిరిగిన తిరుగుడంతా వేశాను. తర్వాతి రోజులకు ఆయన ఒక్కడు తిరిగింది మాత్రం వేశాను. అది రాసుకునేటప్పుడు నేను పడ్డ ఆనందం ఏ పండగకీ పడలేదు.

సమావేశానికి మా ఆఫీసుకు డబ్బు ఇచ్చే సంస్థ పెద్దలు వచ్చారు. కలెక్టరాఫీసు వాళ్లు కొందరు, పల్లెల నుంచి రైతులు వచ్చారు. నేను తయారుచేసినవి చూసుకునే అలవాటు సారుకు లేదు. తెర మీద ఒక్కొక్కటే వస్తుంటే గంభీరంగా తల ఊపుతున్నాడు. చివరికి ఆయన ఫొటో వచ్చింది, నలగని చొక్కాతో. కింద పెద్ద అక్షరాలతో రాశాను: ఒకప్పుడు ఈ అధికారి అవగాహన లేక పగలూ రాత్రీ కారు తిప్పి డీజిలు వృథా చేసేవాడు. నేడు మారాడు.

ముందు రైతులు నవ్వారు. తర్వాత పెద్దలు నవ్వు ఆపుకోలేక ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. సారు లేచి నిలబడ్డాడు. మొహం కందిపోయింది.

"ఏమిటిది? ఆ కారు నా ఒక్కడిదా? ఆఫీసు మొత్తం వాడుకుంది."

ఈ మాట ఆయన నోటితోనే రావాలని ఎన్నాళ్లుగానో కాచుకున్నాను.

"మా బోరు కూడా మా నాయన ఒక్కడిది కాదు సార్," అన్నాను మైకులో.

ఆ తర్వాత పెద్దలు అడగాల్సినవన్నీ అడిగారు. నేను చెప్పాల్సినవన్నీ చెప్పాను. కరపత్రం వెనక్కి తీసుకోమన్నారు, ఊరికి పోయి జరిగిన పొరపాటు చెప్పి రమ్మన్నారు. నా కాంట్రాక్టును మళ్లీ పొడిగించలేదు. అది ముందే తెలుసు, అందుకు నాకు విచారం లేదు. మరో ఉద్యోగం తిరుపతిలోనే దొరికింది.

సారు మా ఊరికి వచ్చిన రోజు నేను ముందే పోయి బంకు దగ్గర నిలబడ్డాను, ఒక్క ముక్క కూడా జారిపోకుండా వినాలని. నాయనను బతిమాలి తీసుకుపోయాను. సారు చెమట తుడుచుకుంటూ, ఆ బోరు ఇద్దరిదని మాకు తెలియదు, ఈయన నీళ్లేమీ వృథా చేయలేదు, తప్పు మాదేనని నలుగురి ముందూ చెప్పాడు. తెలియదన్నది అబద్ధం, ఆయన గదికి పోయి నేనే చెప్పాను. అయినా తల దించుకున్నాడు కదా అని ఊరుకున్నాను. పక్క చేను రైతు నాయన వైపు చూడలేక బంకు మీదికి పాకిన బూడిద గుమ్మడి తీగ వైపు చూశాడు.

అప్పుడు చిన్నాయన నవ్వుతూ లేచాడు.

"ఉమ్మడి బోరని మాకు తెలీదా సార్. అందరికీ తెలిసిందే గదా."

పక్క చేను రైతు చటుక్కున ఆయన వైపు తిరిగాడు.

"తెలిస్తే ఆ పొద్దు నేనడిగినప్పుడు చెప్పలేదేమప్పా? నా వంతు నేను పెట్టుకుంటాండా, మిగతాది మా అన్ననడుగుపో అంటివే."

చిన్నాయన ఏదో గొణిగి బీడీ వెలిగించుకున్నాడు. నాయన టీ గ్లాసు వదిలేసి ఇంటికి నడిచిన రోజు ఈయన ఆ బంకులోనే ఉన్నాడన్నమాట. ఆయన నీళ్లే మా నాయన నెత్తిన పడ్డాయి. అందులో సగం నాదేనని ఒక్క మాట చెబితే తీరిపోయేది, చెప్పలేదు. ఇన్నాళ్లూ నా పగంతా హైదరాబాదు మనిషి మీద ఖర్చు పెట్టాను. నాయన సొంత తమ్ముడికి ఏమీ మిగల్చలేదు.

"పోనీలే పాపా. తోడబుట్టినోడు," అన్నాడు నాయన ఇంటికి వచ్చేటప్పుడు.

నేను పోనివ్వలేదు. ఆ సాయంత్రమే నాయన ఫోను అడిగి తీసుకుని, పెట్టెలో నా నంబరు కూడా ఎక్కించాను. ఎందుకని నాయన అడగలేదు.

ఇప్పుడు చిన్నాయన వంతు రోజున నేను తిరుపతి నుంచి ఫోన్ చేసి రెండు నొక్కుతాను. ఆయన బండి వేసుకుని చేనికి పోయి బటను నొక్కి, ఇంటికి తిరిగివచ్చి చెంబెడు నీళ్లు తాగేంతవరకు ఆగుతాను. తర్వాత మళ్లీ రెండు నొక్కుతాను. నీళ్లకు ఏ లోటూ రానివ్వను, పైరు ఏం పాపం చేసింది? ఆయనను మాత్రం తిప్పుతాను. ఆ పెట్రోలు ఏ నివేదికలోనూ ఉండదు. ఎవరైనా ఈ పరికరం వల్ల కలిగిన ఆదా కొలవడానికి మళ్లీ మా ఊరికి వస్తే, ఆయన తిరుగుళ్లు కూడా కలుపుకోమని నేనే దగ్గరుండి చెబుతాను.

పోయిన వారం నాయన ఫోన్ చేశాడు. వానల గురించి, ఆవు ఈనడం గురించి మాట్లాడాడు. మీ చిన్నాయన మోటారు ఊరూరికే ఆగిపోతాందని మెకానిక్కును పిలిపించినాడన్నాడు. మెకానిక్కు ఏం చెప్పాడని అడిగాను. యాడా లోపం లేదన్నాడంట అన్నాడు. ఇక పెట్టేస్తాడనుకున్నాను.

"రేపు మేం వంతు మార్సుకున్నాం పాపా," అన్నాడు నాయన నెమ్మదిగా. "రేపు నాది. మర్సిపొయి ఆపేవు."