పన్నెండో కుర్చీ

మా ఉపదేశి గారు పోయారని బావమరిది ఫోన్ చేసినప్పుడు నేను గజపతినగరం బజార్లో టీ తాగుతున్నాను. పొద్దున్న పూజకని గుడి ఊడుస్తూ చీపురుతోనే కూలబడిపోయారట. నా నోట్లోంచి ముందు వచ్చింది ఏడుపు కాదు, తిట్టు. "నన్నొక్క మాటనకుండా ఎల్లిపోయాడా ముసలాడు!"

కోపం ఇంకా తగ్గలేదు. తగ్గకముందే రాస్తున్నాను. ఏడో క్లాసు తప్పినవాడి రాత, సర్దుకోండి.

మా ఊరి ఆర్సీయం గుడికి, అదే కేథలిక్కుల చర్చికి, ఫాదర్ గారు వారానికోసారి వస్తారు. మిగతా రోజులన్నీ ఉపదేశి గారే దిక్కు. జపాలు నేర్పేదీ, రోగి మంచం పక్కన జపమాల చెప్పేదీ, అప్పట్లో గంట కొట్టేదీ ఆయనే. ఎవరైనా పోతే ఆ గంటనే ఆగి ఆగి కొడతారు. వింటే ఊరంతా చేస్తున్న పని వదిలేసి వస్తుంది.

తొమ్మిదేళ్ల క్రితం, ఈస్టర్ ముందొచ్చే తపస్సుకాలంలో, మధ్యాహ్నం ఆయన భోజనానికి వెళ్లినప్పుడు, నేను ఆ చావుగంట కొట్టాను. కొట్టి, గోడ దూకి, "సంఘపెద్ద పోయాడర్రోయ్!" అని గొంతు మార్చి కేకేశాను. పొలాల్లోంచి జనం పరుగెత్తుకొచ్చారు. సంఘపెద్ద అరుగు మీద కూర్చుని అంబలి తాగుతున్నాడు. నేను చాటున పొట్ట పట్టుకుని నవ్వాను. ఈలోగా ఎవరో ఫోన్ చేస్తే గరివిడి నుంచి సంఘపెద్ద కూతురు గుండెలు బాదుకుంటూ వచ్చి, తండ్రిని చూసి గుమ్మంలో పడి చెయ్యి విరగ్గొట్టుకుంది. నా నవ్వు అక్కడితో సరి.

"ఎవుడ్రా గంట కొట్టినోడు?" అని సంఘపెద్ద గుడి ముందు నిలబడి అరిచాడు. ఉపదేశి గారు నా పక్కకొచ్చి, నా చొక్కాకంటిన తాడు పీచు తీసి తన జేబులో వేసుకున్నారు. "గంట నా సేతిలో ఉన్నాది. తప్పు నాదే," అన్నారు. ముప్పై ఏళ్లు ఆయన పట్టిన గంటతాడు ఆ రోజే సంఘంవాళ్లు లాగేసుకున్నారు. ముసలాయనకి మతి చెడిందన్నారు. నేను జనంలో కలిసి ఇంటికెళ్లిపోయాను.

ఆ నెలలోనే పవిత్ర గురువారం వచ్చింది. క్రీస్తు శిష్యుల కాళ్లు కడిగినట్టు ఆ సాయంత్రం ఫాదర్ గారు పన్నెండు మంది కాళ్లు కడుగుతారు. వాళ్ల పేర్లు రాసేది ఉపదేశి గారే. మావాళ్ల తెలివి చూడండి, పేరు పడగానే ఇటుక ముక్కతో కాళ్లు మెరిసేలా తోముకుని మరీ వస్తారు. "కడిగేసిన కాళ్లకి దేవుడెందుకర్రా? నీళ్లు దండగ," అనేవారాయన.

ఆ ఏడు పన్నెండో పేరు నాది. ఒళ్లు మండి వాళ్లింటికెళ్లాను.

"నానేటి సేశానో నీకు తెలీదా?"

"తెలుసు. అందుకే రాశాను."

"అయితే ముందు తిట్టు. రెండు తగిలించు. అప్పుడొచ్చి కూకుంటాను."

"దెబ్బలు తిని వస్తే కూలికొచ్చినట్టుంటాది రా. ఊరికే రా."

వెళ్లలేదు. ఊరికే ఇచ్చేది తీసుకోవడమంత కష్టం ఇంకోటి లేదు. తొమ్మిదేళ్లూ నా పేరే రాశారు. ఆ కుర్చీలో ఇంకెవర్నీ కూర్చోనివ్వలేదు, ఖాళీగానే ఉంచారు.

సమాధి రోజున గుడిలో శవపెట్టె ముందు పొగడ్తల వాన. మతి చెడిందన్న నోళ్లే పరిశుద్ధుడన్నాయి. చివర్న సంఘపెద్ద లేచి, "ఆ గంట కాడ ఒక్క తప్పు సేశాడు గానీ, మనిషి బంగారం. ఆ తప్పు మనం సమించేద్దాం," అన్నాడు.

నా తప్పుకి ఆయన్ని క్షమిస్తారట!

"ఆపండెహె! ఆ గంట కొట్టింది నాను!"

గుడి గుడంతా నా వైపు తిరిగింది. సంఘపెద్ద కర్ర ఎత్తాడు. హమ్మయ్య, ఇన్నాళ్లకి అనుకుని వీపు చూపించాను. పెట్టె పక్క నుంచి ఉపదేశి గారి భార్య లేచి ఆ కర్ర పట్టుకుంది.

"ఆయనే కొట్టలేదు, నువ్వెవుడివి కొట్టడానికి?" అని, నా వైపు తిరిగి, "మీరంతా ఇయ్యేల ఇన్నారు. నాకు ఆ రోజే తెలుసు. ఆ పీచు ఆయన జపాల పుస్తకంలోనే ఉన్నాది. ఈ ఏటి పేర్లు కూడా రాసేసే పోయాడు. గురువారం నాడు రా," అంది.

గురువారం నేనూ ఇటుక ముక్క పట్టుకుని బావి దగ్గర కూర్చున్నాను. మా ఆవిడ దాన్ని లాగి విసిరేసింది. "కడిగించుకోడానికెల్తూ కడుక్కుంటావేటి?"

పొలం ఎర్రమట్టితోనే వెళ్లి పన్నెండో కుర్చీలో కూర్చున్నాను. ఎప్పుడూ ఉపదేశి గారు పట్టుకునే పళ్లెం ఈసారి సంఘపెద్ద పట్టుకున్నాడు. నా మొహం చూడలేదు, పళ్లెం మాత్రం వదల్లేదు. పదకొండు మంది కాళ్ల మీదుగా తేటగా వచ్చిన నీళ్లు నా దగ్గర ఎర్రగా మారిపోయాయి.

ఆ నీళ్లు గుడి వెనక మందార మొదట్లో పోయడం ఉపదేశి గారి పని. ఎవరూ కదలకపోతే పళ్లెం నేనే అందుకున్నాను. ముసలాడిని తిట్టుకుంటూనే పోశాను. నా కాళ్ల మట్టి ఆ మొదట్లోకి మెల్లగా ఇంకిపోయింది.