గొంతునడక్కుండా దిగేది

మా అన్నయ్య వాటీ గెడ్డిస్ మీసం మొలవకముందే స్కాట్లండులో స్పే నది పక్కన మా ఊరి విస్కీ బట్టీలో చేరి, తల నెరిశాక బయటికొచ్చాడు. తాగింది మాత్రం జీవితమంతా ఒక్కటే, అక్కడ తయారై పదేళ్లు పీపాలో ఊరిన సింగిల్ మాల్ట్ విస్కీ. అదేమీ గొప్పవాళ్ల సీసా కాదు. కిరాణా కొట్లో టీ పొడితో పాటు సంచిలో వేసుకొచ్చేదే.

సాయంత్రం సూప్ అయ్యాక వంటింటి బల్ల దగ్గర కూచుని, గ్లాసులో రెండు వేళ్ల మందం పోసుకుని, చెంచాతో నాలుగు చుక్కల నీళ్లు వేసుకునేవాడు. బట్టీ చూడ్డానికొచ్చిన పెద్దమనుషులు పొగ కంపు కొట్టే పాత సరుకు గురించి గొప్పలు పోతే, "అది తాగడం కాదండీ, కుస్తీ. మాది గొంతునడక్కుండా దిగిపోతుంది" అనేవాడు.

"నీ గొంతు ఎప్పుడు కాదంది గనక, అడగడానికి?" అని నేను ఎత్తిపొడిచేదాన్ని. నాకు ఆ కంపే పడదు.

పోయిన చలికాలం అన్నయ్యకి పక్షవాతం వచ్చింది. చెయ్యీ కాలూ కొంత కుదుటపడ్డాయి. మింగడానికి మాత్రం గొంతు చచ్చుబడిపోయింది. నీళ్లలా పలచగా ఉన్నదేదైనా ఊపిరితిత్తుల్లోకి జారిపోతుందట. టీ అయినా సరే, ఓ పొడి కలిపి జావలా చేసి చెంచాతో పెట్టాలి. పక్కింట్లో ఒంటిగా ఉన్నదాన్ని నేనే కాబట్టి ఆ చాకిరీ నాకు పడింది.

ఇంటికొచ్చిన రోజే విస్కీ అడిగాడు. పొడి కలిపి పెట్టాను. నోట్లో వేసుకుని తువ్వాల్లోకి ఊసేశాడు.

"పాపం చేశావే నెట్టా" అని నన్ను పేరు పెట్టి తిట్టాడు.

"నేనా? నీ గొంతు చేసింది."

మరోరోజు నేను బజారుకెళ్లి వచ్చేసరికి నేలమీద నీలంగా పడున్నాడు. పక్కన గ్లాసు. దొంగతనంగా ఓ గుక్క తాగాడు. ఆస్పత్రి నుంచి సగం మనిషై తిరిగొచ్చాడు.

అప్పట్నుంచి అతనికి ఒకటే ధ్యాస. మింగడం నేర్పే ఐలీ అనే అమ్మాయి పెట్టే పరీక్ష నెగ్గాలి, కొత్త సంవత్సరం గంటలు మోగేటప్పుడు అందరిలా ఓ గుక్క తాగాలి. పొద్దస్తమానం అద్దం ముందు నాలుక చాపి, గడ్డం ఛాతీకి ఆనించి, ఉమ్ము మింగుతూ కూచునేవాడు. చూస్తుంటే నాకూ ఆశ పుట్టింది, నా బుద్ధిని చెప్పుచ్చుకు కొట్టాలి. కొత్త సీసా కొని అలమారలో పెట్టాను.

డిసెంబరు చివర్లో ఐలీ వచ్చి అరచెంచా నీళ్లు పెట్టింది. కళ్లు బయటికొచ్చేలా దగ్గాడు. కాసేపాగి మళ్లీ పెట్టింది. మళ్లీ అంతే.

"వాటీ గారూ, మీకు అబద్ధం చెప్పను. ఇంక ఇది తిరిగొచ్చేలా లేదండీ" అంది. పాపం, ఆ పిల్ల కోటు కూడా తొడుక్కోకుండా చేత్తో పట్టుకునే వెళ్లిపోయింది.

ఆమె వెళ్లగానే నాకు ఒళ్లు మండిపోయింది. కొత్త సీసా మూత తిప్పి, రెండు వేళ్ల మందం పోసి అతని ముందు పెట్టాను.

"తాగు. పోతే పోతావు. ఈ జావ తాగుతూ బతికేం చేస్తావు?"

గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. తర్వాత మెల్లగా నా వైపు జరిపాడు.

"ఆ రోజు ఊపిరాడలేదే. అలా పోవాలని లేదు. నువ్వు తాగు."

"నాకెందుకు?"

"మెడకున్న ఆ మఫ్లరు తీసి తాగు. చూస్తాను."

నా మొహం కాదు, నా గొంతు చూస్తానంటున్నాడని అప్పుడర్థమైంది. మఫ్లరు తీసి తాగాను.

ఇప్పుడు రోజూ అదే పని. అతనికి జావ పెట్టాక మెడ దగ్గర బొత్తాం విప్పుకుని, ఎదురుగా కూచుని, నాలుగు చుక్కల నీళ్లు వేసి మెల్లగా తాగుతాను. నా గొంతు కదిలినప్పుడల్లా అతని గొంతు కూడా ఉత్తినే కదులుతుంది.

"దిగిందా?" అంటాడు.

"దిగింది అన్నయ్యా."

కష్టంగా దిగిందని అబద్ధమాడదామంటే, అతను చూస్తూనే ఉంటాడు. అది గొంతునడక్కుండానే దిగిపోతుంది.