సంగిడి రాయి ఎత్తిన గురవమ్మ

గొర్రెల వెంట పొద్దున్నే బయల్దేరితే మాపటికి గానీ ఇల్లు చేరని మనిషి గురవమ్మ. జమ్మలమడుగు పల్లెల్లో ఆమె నడకను అందుకోవడం మగవాళ్లకే కష్టంగా ఉండేది. అలాంటి మనిషి ప్రొద్దుటూరు మోడంపల్లెలో ఒంటిగది బాడుగింట్లో, గడప దాటడానికి గోడ పట్టుకునేంత బరువెక్కిందంటే అది సోమరితనం కాదు. అంతా ఫ్యాక్షన్ పుణ్యం.

ఆమె భర్త ఆదెన్న ఒక నాయకుడి జీపులో వెనక నిలబడి తిరిగేవాడు. జీపెక్కితే తనే ఎమ్మెల్యే అయినంత మురిపెం ఆయనకు. పులివెందుల దారిలో ఆ జీపు మీద నాటుబాంబులు పడ్డాయి. నాయకుడు ఆ రోజు అందులో లేడు. ఎందుకుంటాడు? ఆదెన్నకు మాత్రం రెండు కాళ్లూ మోకాళ్ల దాకా పోయాయి. గొర్రెలు అమ్ముకుని మొగుడూ పెళ్లాలు టౌను చేరారు. అవతలి పార్టీవాళ్ల భయానికి తలుపులు మూసుకుని ఏళ్లు గడిపారు.

కూర్చుని కూర్చుని గురవమ్మ ఒళ్లు పెరిగింది, మోకాళ్లు వాచాయి. గొర్రెలు కాసేవాళ్ల ఇళ్లలో కాళ్ల నొప్పికి ఒకటే మందు, పొట్టేలు కాళ్ల పులుసు. కాళ్లు తింటే కాళ్లకు బలమని నమ్మకం. మొగుడికి గిన్నెడు పోసి తను చట్టెడు తాగింది. వాచిన కాలిని కదిలించకూడదని జిల్లేడాకులు వెచ్చజేసి కట్టుకుని మంచానికి అంటుకుపోయింది. పులుసు నడుముకు పట్టింది, మోకాళ్లకు పట్టలేదు.

ఆదెన్నను దొడ్డికి తీసుకుపోవాలన్నా పక్కింటివాళ్లను బతిమాలాల్సిందే. అది చూసి ఆయన అన్న బాలయ్య ఒకనాడు తేల్చి చెప్పాడు. బాలయ్య ఇంకా ఆ నాయకుడి మనిషే.

“నువ్వు ఎత్తలేవు, వాడు కదల్లేడు. ఉగాది పోయినాక వాన్ని ఊరికి పిల్చుకపోతా. మా లీడరన్నోళ్ల మిద్దెలో ఓ మూల ఇంత చోటిస్తారు.”

ఆ మూల ఎందుకిస్తారో గురవమ్మకు తెలుసు. ఎన్నికలొస్తే ఆదెన్నను జీపు మీద కూర్చోబెట్టి, తెగిన కాళ్లు చూపించి ఓట్లడుగుతారు. అవతలివాళ్ల కళ్లు మళ్లీ ఆయన మీద పడతాయి. బాలయ్య వెళ్లాక ఆదెన్న గోడవైపు తిరిగి ఒక్క మాటే అన్నాడు.

“నన్ను ఆడికి పంపొద్దు మే.”

మర్నాడే ఆమె ఆటో ఎక్కి డాక్టరమ్మ దగ్గరికి వెళ్లింది. రక్తం పరీక్ష చేసి డాక్టరమ్మ చెప్పింది: పైకి కనిపించే మోకాళ్ల వాపు ఒక్కటే కాదు, పేరుకున్న కొవ్వు లోపల కూడా కుంపటిలా రగులుతోంది. మాత్రలిస్తాను గానీ కండకు పని చెప్పాలి, కొంచెం కొంచెంగా బరువులెత్తాలి. తన బరువే మోయలేనిదాన్ని ఇంకేం ఎత్తుతానని గురవమ్మ నవ్వుకుంటూ ఇంటికొచ్చింది.

ఆ మాట విని నవ్వనిది పక్కింటి పీరాంబీ. వాళ్ల నాన్న ఒకప్పుడు కుస్తీ, కసరత్తు నేర్పే తాలింఖానాకు ఉస్తాదు. ఆయన కుర్రాళ్లతో ఎత్తించిన సంగిడి రాళ్లు, పట్టుకోను పిడి చెక్కిన గుండ్లు, ఇప్పుడు పీరాంబీ ఇంట్లో తలుపు కొట్టుకోకుండా అడ్డం పడున్నాయి. ఆడవాళ్లు వాటిని తాకకూడదని ఆ ఇంట్లో కట్టుబాటు. కిటికీ చాటు నుంచి చూసి చూసి పాఠమంతా నేర్చేసుకున్న పీరాంబీకి ఆ కట్టుబాటు మీద చిన్నప్పటి నుంచీ మంటే. ఇన్నాళ్లకు కసి తీర్చుకునే దారి దొరికింది.

ముందు గురవమ్మను కుర్చీలోంచి చేతులూనకుండా లేపించింది. తర్వాత చిన్న రాయి, ఆపైన దానికి అన్నలాంటి పెద్ద రాయి. పళ్లు బిగిస్తే రాయి లేవదక్కా, తొడలు బిగించు అని కసిరేది. నొప్పి ఎక్కువైన రోజు రాయి తగ్గించేది గానీ మానుకోనిచ్చేది కాదు. చట్టెడు పులుసు గిన్నెడైంది. గురవమ్మ ఏడ్చింది, తిట్టింది, పొద్దున్నే మళ్లీ వచ్చింది. కాళ్లు బాగున్నప్పుడు కొండలెక్కడం గొప్పేం కాదు. వాచిన మోకాళ్లతో రాయి ముందు వంగిందే, అదీ గొప్ప.

కొన్ని నెలలకు మళ్లీ పరీక్ష చేస్తే ఒంటి బరువు పెద్దగా తగ్గలేదు గానీ రక్తంలో కనిపించే ఆ లోపలి కుంపటి బాగా చల్లారింది. అందరికీ ఇలాగే తగ్గుతుందని చెప్పలేను, నీకు తగ్గింది, ఆపొద్దు అంది డాక్టరమ్మ.

ఉగాది వెళ్లింది, ఎన్నికలొచ్చాయి. బాలయ్య జీపుతో, తెల్లచొక్కాల మనుషులతో దిగాడు. వాళ్లు మంచం మీదికి వంగుతుంటే గురవమ్మ అడ్డం నిలబడింది.

“నా మొగున్ని నేను ఎత్తుకుంటా. మీరు పక్కకు పోండప్పా.”

“నువ్వెత్తితే నేను మల్ల ఈ గడప తొక్కను,” అన్నాడు బాలయ్య నవ్వుతూ.

ఆమె మంచం పక్కన గొంతుక్కూర్చుంది. ఆదెన్న చేతులు మెడ చుట్టూ వేసుకుంది. తొడలు బిగించి, మెల్లగా, సంగిడి రాయి లేచినట్టే లేచింది. గడప దాటింది. ఏళ్ల తర్వాత ఆదెన్న ముఖం మీద వీధి ఎండ పడింది. వాకిట్లో పీరాంబీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది. బాలయ్య నవ్వు ఆగిపోయింది.

అరుగు మీద దించబోతుంటే ఆదెన్న ఆమె మెడను ఇంకాస్త గట్టిగా పట్టుకున్నాడు.

“అప్పుడే దించొద్దు మే. వాళ్లు చూసిపోనీ.”

జీపు వెనక్కి తిరిగి సందు మలుపు దాటేదాకా గురవమ్మ ఆయన్ను దించలేదు.