కారు ముట్టకుండ్రి!

హనుమకొండలో సుందర్ రావు సారు నోట రోజుకు వందసార్లు వచ్చే మాట ఒకటే: "ముట్టకు!"

ముట్టకూడనిది ఆయన కారు. డ్రాయింగు మాస్టరుగా రిటైరైన ఏడాది, డెబ్బై ఎనిమిదిలో, దేశం విడిచి వెళ్ళే ఒక డాక్టరమ్మ దగ్గర కొన్న పాత నీలం ఫియట్. ఇంజను నిక్షేపంగా ఉంది. రంగు మాత్రం ఎండకు వెలిసి, పై మెరుపు ఉల్లిపొరల్లా లేచిపోయింది. షెడ్డుకిమ్మంటే, "వాళ్ళకు చేతులున్నయి, కండ్లు లేవు" అని ఇంటి ముందు రేకుల కింద తనే పనికి దిగాడు.

మూడేళ్ళు దిగే ఉన్నాడు. తడి గరుకు కాగితంతో రుద్దడం, లప్పం పెట్టడం, దోమల మందు పంపుతో రంగు కొట్టడం, ఆరాక అందులో మొహం చూసుకుని నిట్టూర్చడం.

"ఇంకొక్క కోటు, హన్నా. ఇందుల జూసి గడ్డం గీసుకోవాలె. గప్పుడు నిన్ను హసన్‌పర్తి మీ అక్క ఇంటికి తీస్కపోత."

"గంతదాంక మా అక్క ఉంటదా?" అనేది హన్నా.

భార్యగా ఆమె కష్టాలు ఆమెవి. రంగు పచ్చిగా ఉన్న రోజు పోపు పెట్టకూడదు, పొగ అంటుతుంది. వాకిలి ఊడవకూడదు, దుమ్ము లేస్తుంది. ఆదివారం సారు కారు స్టార్టు చేసి, పది నిమిషాలు ఇంజను నడవనిచ్చి, ఆపేసి, ఆమెను రిక్షాలో చర్చికి తీసుకెళ్ళేవాడు. ఒకసారి ఇంటికొచ్చిన పాస్టరు గారు బానెట్ మీద బైబిలు పెట్టబోయాడు. "అయ్యగారూ, ముట్టకుండ్రి!" ఆ రోజు ప్రార్థన చాలా కురచగా ముగిసింది.

ఎనభై ఒకటి ఏప్రిల్‌లో ఒక శనివారం పొద్దున చివరి కోటు పడింది. సారు పిలిచి చూపిస్తే, నీలం రంగులో హన్నా మొహం తేటగా కనబడింది. తెలియకుండానే వెంట్రుకలు సర్దుకుంది.

"పొద్దుగూకేసరికి ఆరుతది. రేపు హసన్‌పర్తి" అన్నాడు సారు గంభీరంగా.

మధ్యాహ్నం గేటు దగ్గరికి ఉప్పలయ్య పరుగెత్తుకొచ్చాడు. ఎదురుగా కడుతున్న ఇంట్లో అతను, భార్య సమ్మమ్మ కూలీలు. ఆమెకు నెలలు నిండాయి, ఇటుకలు మోస్తుండగానే నొప్పులు మొదలయ్యాయి. కొంగు పళ్ళ మధ్య బిగించి గోడ పట్టుకుని వస్తోంది.

"సారూ, దవాఖానకు పోవాలె. రిక్షా ఒక్కటి దొరుకుతలేదు. మీ కారు ముట్టం సారూ, పచ్చిగున్నదని ఎరికే. జర హన్నమ్మను తోడు పంపుండ్రి, నడిపిచ్చుకపోతం."

ఇద్దరూ కారుకు నాలుగడుగుల దూరంలో, చేతులు దగ్గరికి ముడుచుకుని ఆగారు. అలా నిలబడటం హన్నాకు ఎక్కడో తెలుసు. సారు తాత ఊరి చేదబావికి దూరంగా అలాగే నిలబడేవాడని మామ చెప్పేవాడు. తాతతో అక్కడివాళ్ళు అనే మాట కూడా అదే, ముట్టకు. భర్త మొహం చూస్తే ఆయనకూ అది గుర్తొచ్చిందని తెలిసింది. సిగ్గుతో ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

సారు నోరు తెరిచాడు.

"ముట్టమ్మా! గట్టిగ పట్టుకొని ఎక్కు!" అని అరిచి, తలుపు తనే తీశాడు.

సమ్మమ్మ ఎక్కబోతుండగా ఇంకో నొప్పి వచ్చింది. అరచెయ్యి మొత్తం పచ్చి రంగులో దిగబడింది. ఉప్పలయ్యా ఎక్కాడు. హన్నా గేటు తెరిచి పట్టింది. మూడేళ్ళకు కారు గేటు దాటింది.

సాయంత్రం తిరిగొచ్చేసరికి దాని మీద హనుమకొండ దుమ్మంతా అంటుకుని ఉంది. ఆయన ఏడుస్తాడేమోనని హన్నా భయపడింది.

"ఆడపిల్ల హన్నా! తల్లీబిడ్డ మంచిగున్నరు. జర పోపు పెట్టు, ఆకలైతాంది."

సారు మళ్ళీ గరుకు కాగితం పట్టాడు. నెల తర్వాత సమ్మమ్మ పాపను తీసుకొచ్చేసరికి కారు మళ్ళీ మెరుస్తోంది, వెనక తలుపు మీద అయిదు వేళ్ళ గుర్తు తప్ప.

"అయ్యో, నా చెయ్యేనా సారూ!" సమ్మమ్మ కొంగుతో తుడవబోయింది.

"ముట్టకు!"

ఆమె అదిరిపడింది. సారు పాప పిడికిలి మెల్లగా విప్పి, ఆ చేతి గుర్తులో ఆనించాడు.

"గీ పిల్ల ముట్టచ్చు."

హన్నా నవ్వుతూ అడిగింది. "ఒక్క కోటేస్తే పోతది గద. ఎయ్యవా?"

"గిది సాలు. ఎక్కు, మీ అక్క సూస్తాంటది."

హన్నా ఎక్కేముందు తలుపును రెండు చేతులా గట్టిగా పట్టుకుంది. సారు కారు స్టార్టు చేశాడు, ఈసారి ఆపలేదు.